గడియారం దిద్దడానికి తెలుగు చాలదా?

డెంకణికోట దాపున ఉన్న ఒక పల్లెనుండి డెబ్బయ్యేళ్లు దాటిన పెద్దాయన ఒకరు హోసూరులోని నా కార్యాలయానికి వచ్చినారు. తువ్వాలులో చుట్టి తెచ్చిన పాత ఫోనును బల్లమీద పెట్టి, "చూడప్పా లాయరూ, ఇది మా మనవడు తీసిండే ఫోటో. బోర్డుమింద తెలుగు తుడిచేస్తా ఉండగానే తీసినాడు. ఇంక వాళ్లు లేదనేకి అయితుందా?" అన్నారు.

ఫోటో చక్కగా ఉన్నది. ఊరి పేరు మూడు లిపులలో ఉన్న పలక. దానిపై తెలుగు వరుసమీదికి సున్నపు కుంచె సగం దూరం వచ్చినది. మిగిలిన సగంలో మన అక్షరాలు ఇంకా కనబడుతున్నవి. ఆ పలక ఏ కార్యాలయానిదన్నది ఈ వ్యాసానికి అనవసరం. నేను ఫోటో వివరాలు తెరిచి తేదీ చూచినాను. 1970 జనవరి 1, ఉదయం 5 గంటల 52 నిమిషాలు అని ఉన్నది.

ఫోటోలో నడినెత్తిన ఎండ. తేదీలో తెల్లవారుజాము. ఫోనేమో 1970లో పుట్టనే లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, మళ్లీ తెరిచినప్పుడు ఫోను గడియారం మొదటికి పోయినది. ఇంట్లో ఎవరూ దానిని దిద్దలేదు.

న్యాయస్థానంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కట్టుబాట్లున్నవి. 2024 జూలై 1నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతపరచవలెను. అంతకు ముందున్న చట్టంలోని 65బి సెక్షనుక్రింద కూడ ధ్రువపత్రం తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం తేల్చి చెప్పినది. తేదీ తప్పయినంత మాత్రాన ఫోటో చెల్లదని నేననను. కాని అవతలి వకీలు వేసే మొదటి ప్రశ్న ఆ తేదీమీదనే ఉంటుంది. మరునాడు మేము గడియారం సరిచేసిన ఫోనుతో వెళ్లి మళ్లీ ఫోటో తీసినాము. అప్పటికి పలకపై రెండే లిపులు మిగిలినవి.

తెలుగు ఉన్న ఫోటోలో సరైన కాలం లేదు. సరైన కాలం ఉన్న ఫోటోలో తెలుగు లేదు. ఈ ఒక్క మాట చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

"చెప్పేకి రాదు మామా"

ఆ ఫోను గడియారాన్ని దిద్దినవాడు నా మేనల్లుడు. హోసూరులో ఫోన్ల మరమ్మతు దుకాణంలో పని చేస్తున్నాడు. ఫోను గాజు పగిలి పైసగం వేలికి పలకడం లేదు. అందుచేత సెట్టింగ్స్‌లోకి పోవడం కష్టమైనది. వాడు ఫోనును ఒక కేబులుతో కంప్యూటరుకు తగిలించి, నల్లటి తెరమీద రెండు మూడు వరుసలు కొట్టినాడు. అరనిమిషంలో గడియారం ఈనాటికి వచ్చినది.

"ఇప్పుడు ఏం చేసినావో నాకు తెలుగులో చెప్పరా" అన్నాను. వాడు నోరు తెరిచినాడు. మొదటి మాట ఇంగ్లీషు, రెండవది తమిళం, మూడవది మళ్లీ ఇంగ్లీషు. చివరకు నవ్వి, "ఇది మన మాటలో చెప్పేకి రాదు మామా" అన్నాడు.

వాడు ఇంట్లో అమ్మతో తెలుగే మాట్లాడతాడు. పెండ్లిళ్లలో, పండుగలలో, తగవులలో వాడి తెలుగు గలగల పారుతుంది. బడి మాత్రం తెలుగులో దొరకలేదు. వాడిని నేను తప్పుపట్టను. కాని వాడి నోట వచ్చిన ఆ మాటను మాత్రం విడిచిపెట్టను. ఎందుకనగా మన తెలుగును బడినుండి తీసివేసిన ప్రతివారూ చెప్పిన మాట అదే. ఇంటికి తెలుగు, వీధికి తమిళం, యంత్రానికి ఇంగ్లీషు అని మనచేతనే పంపకం చేయించినారు. ఆస్తి పంపకంలో పెరటి మూల ఒకటి ఇచ్చి, ఇల్లంతా రాయించుకున్నట్లు.

చెప్పడానికి రాదా? చెప్పి చూపుతాను.

ఫోను గడియారం దిద్దే విధం

ఫోను లోపల గంటలూ రోజులూ ఉండవు. ఒక లెక్క మాత్రం ఉంటుంది. 1970 జనవరి 1, ప్రపంచ ప్రామాణిక కాలం ప్రకారం అర్ధరాత్రి సున్న గంటలనుండి ఇప్పటివరకు ఎన్ని సెకండ్లు గడిచినవన్నదే ఆ లెక్క. అప్పుడు మనకు ఉదయం 5 గంటల 30 నిమిషాలు. పెద్దాయన ఫోటోమీద 5 గంటల 52 నిమిషాలు పడిన కారణం ఇదే. లెక్క సున్నకు పోయి మళ్లీ మొదలైన ఇరవైరెండు నిమిషాలకు ఆ పిల్లవాడు ఫోటో తీసినాడన్నమాట.

మామూలుగా ఫోను తన కాలాన్ని టవరునుండి గాని, ఇంటర్నెట్టునుండి గాని తెచ్చుకుంటుంది. సిమ్మూ ఇంటర్నెట్టూ రెండూ లేకపోయినా, ఆ ఏర్పాటును ఎవరైనా ఆపివేసినా మనమే దిద్దవలెను. అందుకు సులువైన దారి సెట్టింగ్స్‌లో తేదీ, సమయం అన్న చోటికి పోవడం. ఆ దారి మూసుకుపోయినప్పుడు రెండవ దారి కమాండ్ లైన్. బొమ్మలు, మీటలు లేకుండా, ఆదేశాన్ని అక్షరాలలో రాసి యంత్రానికి ఇచ్చే పద్ధతి అది. ఆండ్రాయిడ్ ఫోనుకు దాని వరుస ఇది.

మొదట ఫోను సెట్టింగ్స్‌లో 'ఫోను గురించి' అన్న భాగంలో బిల్డ్ నంబరుమీద ఏడుసార్లు తట్టవలెను. అప్పుడు డెవలపర్ ఆప్షన్స్ అనే కొత్త భాగం తెరుచుకుంటుంది. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ అన్నదానిని అనుమతించవలెను. పిమ్మట ఏడీబీ అనే చిన్న సాధనం ఉన్న కంప్యూటరుకు ఫోనును కేబులుతో తగిలించవలెను. ఈ కంప్యూటరును నమ్మవచ్చునా అని ఫోను అడుగుతుంది. నమ్మవచ్చునని చెప్పవలెను. మా మేనల్లుడి చేతిలోని ఫోనుకు ఈ తెరపనులన్నీ ఇదివరకే ఎవరో మరమ్మతుదారు చేసి ఉంచినారు. చివరి అనుమతి ఒక్కటి తెర దిగువసగంలో దొరికినది.

కంప్యూటరులో 'ఏడీబీ షెల్' అని రాస్తే మనం ఫోను లోపలికి ప్రవేశించినట్లు. అక్కడ 'డేట్' అని ఒక్క మాట రాస్తే ఫోను తనకు తెలిసిన తేదీ చెబుతుంది. అదే మాట తరువాత అంకెలు చేరిస్తే తేదీ మారుతుంది. అంకెల వరుస ముఖ్యం: మొదట నెల, తరువాత రోజు, గంట, నిమిషం, చివర సంవత్సరం. 2025 జూన్ 15 మధ్యాహ్నం రెండున్నర కావలెనంటే 061514302025 అని ఎడం లేకుండా రాయవలెను. గంట ఇరవైనాలుగు గంటల లెక్కలో ఉండవలెను. మనం రోజును ముందు, నెలను తరువాత రాసే అలవాటుతో 1506 అని మొదలుపెడితే యంత్రం ఒప్పుకోదు, పదిహేనవ నెల లేదు గనుక.

ఇంకొక మెలిక ఉన్నది. గడియారం మార్చే అధికారం అందరికీ ఉండదు. ఫోనులో రూటు అనే అధికారం ఉన్నవారికే ఉంటుంది. అది లేనిదే పై ఆదేశం ఇస్తే అనుమతి లేదన్న జవాబు వస్తుంది. కొత్త ఫోన్లలో అది మూసి ఉంటుంది. పెద్దాయనది పాతది గనుక, వెనుక ఎవరో తెరిచిపెట్టినారు గనుక పని జరిగినది. కేవలం గడియారంకోసం రూటు తెరవబోకండి. ఫోను భద్రత తగ్గుతుంది, బ్యాంకు ఆప్‌లు కొన్ని పనిచేయడం మానుతవి. రూటు లేకపోయినా కమాండ్ లైన్‌నుండి తేదీ సెట్టింగుల పుటను నేరుగా తెరిపించవచ్చును. టవరునుండి కాలం తెచ్చుకునే ఏర్పాటును మళ్లీ పనిలో పెట్టవచ్చును. చాలామందికి అంతే చాలును.

చివరగా ఒక హెచ్చరిక. గడియారం దిద్దినంత మాత్రాన పాత ఫోటో తేదీ మారదు, మార్చనూ కూడదు. గడియారాన్ని సరిచేయడం వేరు, సాక్ష్యాన్ని సరిచేయడం వేరు. మొదటిది బాధ్యత, రెండవది నేరం.

ఇప్పుడు చెప్పండి. ఇందులో ఏ వాక్యం తెలుగులో చెప్పడానికి రాలేదు?

ఇంగ్లీషు మాటలున్నవిగదా అంటారా?

ఉన్నవి. డేట్, షెల్, రూటు అనే మాటలను నేను మార్చలేదు. మార్చవలసిన పని లేదు. వాటిని జపానులో కొట్టేవాడూ ఆ అక్షరాలే కొడతాడు, రష్యాలో కొట్టేవాడూ ఆ అక్షరాలే కొడతాడు. వాటిచుట్టూ ఉన్న వివరణను మాత్రం వాడు తన భాషలో చదువుతాడు, తన భాషలో పక్కవాడికి చెబుతాడు. మన తాతలు రైలును రైలనే అన్నారు, కోర్టును కోర్టనే అన్నారు. వాటివల్ల తెలుగు చావలేదు. మాట బయటినుండి వచ్చినందుకు భాష చావదు. వాక్యం కట్టే అవకాశం పోయినప్పుడు చస్తుంది.

మన తమిళ సోదరులనుండి నేర్చుకోవలసినది ఇక్కడనే ఉన్నది. 1999లో చెన్నైలో జరిగిన తమిళ్‌నెట్ సమావేశంలో వారు తమ భాషకు కీబోర్డు అమరికను ఖరారు చేసుకున్నారు. దానిని తమిళ్99 అంటారు. కంప్యూటరును కణిని అని పిలుచుకుని బడి పుస్తకాలలో పెట్టుకున్నారు. వారిని చూచి అసూయ పడనక్కరలేదు, కోపగించుకోనక్కరలేదు. తమ నుడికి వారు చేసుకున్న పనిని మన నుడికి మనం చేసుకోనివ్వండి అని మాత్రమే మన అడుగు. మన పోరు తమిళంతో ఎన్నడూ లేదు. తన భాషకు ఇంత ప్రేమతో తలుపులు తెరిచిన ప్రభుత్వం, పక్కింటి భాషకు అదే తలుపు మూయడంతోనే మన పోరు.

తెలుగు అన్నది యంత్రం ఎరుగని భాష ఏమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 8 కోట్ల 11 లక్షలమంది తెలుగును తమ మాతృభాషగా చెప్పుకున్నారు. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడులో 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకు చోటున్నది. మన ౦నుండి ౯వరకు ఉన్న అంకెలకు కూడ ఉన్నది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేసినారు. 2024లో వచ్చిన ఐఓఎస్ 18లో ఐఫోను ముఖపు తెరమీది గడియారాన్ని తెలుగు అంకెలలో పెట్టుకునే వీలు కల్పించినారు.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగినది. 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లు ఆప్‌లను మూసివేసి కూలబడినవి. దానికి రెండేళ్లు ముందు, 2016లో, గడియారాన్ని 1970 జనవరి 1కి తిప్పితే కొన్ని ఐఫోన్లు మళ్లీ తెరుచుకోకుండా పోయినవి. ఆ రెండు తప్పులనూ కంపెనీ దిద్దుకున్నది. 'జ్ఞా' తప్పును ఆ ఫిబ్రవరి నెలలోనే దిద్దినది. మన అక్షరం తన యంత్రాన్ని కూల్చినప్పుడు ఆ అక్షరాన్ని వాడవద్దని అది మనకు చెప్పలేదు. లోపం యంత్రంలో ఉన్నదని ఒప్పుకుని యంత్రాన్ని సరిచేసినది. మనకు కావలసినది ప్రభుత్వంనుండి ఆపాటి నిజాయితీ.

కాలం, చోటు, నుడి

ఫోను సెట్టింగ్స్‌లో ఒక నీతి ఉన్నది. దానిని చూచినప్పటినుండి నేను వాదించే ప్రతి సభలోనూ చెబుతున్నాను. కాలం ఒక చోట ఉంటుంది, కాలమండలం వేరొక చోట ఉంటుంది, భాష మరొక చోట ఉంటుంది. ఒకదానిని మార్చితే మరొకటి మారవలెనని యంత్రం పట్టుబట్టదు.

మన దేశపు కాలమండలానికి యంత్రం పెట్టుకున్న పేరు ఆసియా, కోల్‌కతా. హోసూరులో ఫోను పెట్టుకున్నా ఆ పేరే, చెన్నైలో పెట్టుకున్నా ఆ పేరే. అంతమాత్రంచేత మనల్ని బెంగాలీలో మాట్లాడమని ఫోను అడగలేదు. తెలుగుకు యంత్రంలో ఉన్న గుర్తు తె, దాని పక్కన దేశపు గుర్తు ఐఎన్. అంటే భారతదేశపు తెలుగు. ఆంధ్రప్రదేశ్ తెలుగు అని, తెలంగాణ తెలుగు అని దానిలో లేదు. హోసూరు తెలుగు పరాయిదని కూడ లేదు. ఒక పరదేశపు ఇంజనీరు రాసిన పట్టికకు తెలిసిన సంగతి మన జిల్లా విద్యాశాఖలకు ఎప్పుడు తెలుస్తుంది?

కాలాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నదీ ఎన్నడూ పాలనకు సంబంధించిన ప్రశ్నే. ఒకప్పుడు దేశపు రైళ్లు మద్రాసు వేధశాల కాలాన్ని బట్టి నడిచినవి. 1906 జనవరి 1నుండి 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశపు కాలం ప్రామాణికమైనది. ఆ రేఖ ఆంధ్రప్రదేశ్ గుండా పోతుంది. హోసూరు దానికి పడమట ఉన్నది గనుక, మన ఊరి సూర్యుడు గడియారంకన్నా సుమారు పందొమ్మిది నిమిషాలు వెనుక నడుస్తాడు. ఉమ్మడి వ్యవహారానికి ఉమ్మడి గడియారం కావలెను, ఒప్పుకున్నాము. ఉమ్మడి వ్యవహారానికి తమిళం కావలెను, అదీ ఒప్పుకున్నాము, మన పిల్లలు నేర్చుకుంటున్నారు. కాని ఉమ్మడి గడియారం పెట్టినవాడు మన ఊరి సూర్యుణ్ణి తుడిచివేయలేదు. పలకమీద తెలుగును తుడిచివేసినవాడు మాత్రం ఆ పనే చేసినాడు.

మన ఇళ్లు కదలలేదు. పైనున్న పేర్లే కదలినవి. మద్రాసు రాష్ట్రంలో సేలం జిల్లావాళ్లమన్నారు. 1965లో ధర్మపురి జిల్లావాళ్లమన్నారు. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడు అయినది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లావాళ్లమన్నారు. ఆ ప్రతి మార్పునూ మనం అంగీకరించినాము. చోటు పేరు మారినప్పుడల్లా నుడి కూడ మారవలెనన్న షరతును మాత్రం అంగీకరించలేదు, అంగీకరించము.

రూటు అంటే వేరు

ఫోనులో ఆదేశం చెల్లవలెనంటే రెండు కావలెను. వరుస తప్పని ఆదేశం ఒకటి, దానిని ఇచ్చే అధికారం ఒకటి. చట్టంలోనూ అంతే.

అధికారం మనకున్నది. రాజ్యాంగం 29వ అధికరణం తమ భాషను, లిపిని కాపాడుకునే హక్కును ఇచ్చినది. ఫిర్యాదును రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చుకునే హక్కు 350వ అధికరణం ఇచ్చినది. 1956లో ఏడవ సవరణతో చేర్చిన 350ఏ, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే తగిన వసతులు కల్పించమని రాష్ట్రాలకు చెప్పినది. తరగతిలో పదిమంది గాని, బడిలో నలభైమంది గాని అడిగితే మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వవలెనన్న సూత్రాన్ని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్నది. రూటు అంటే ఇంగ్లీషులో వేరు. మనం ఈ నేలకు వేరైనవాళ్లం కాము, వేరున్నవాళ్లం. ఆ వేరు రాజ్యాంగంలో ఉన్నది.

మరి జరిగినదేమిటి? 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి ఎక్కి, 2015-16కు పదవ తరగతికి చేరినది. తమిళం మొదటి భాగం, ఇంగ్లీషు రెండవ భాగం, మిగిలిన పాఠాలు మూడవ భాగం అయినవి. తెలుగును నాలుగవ భాగంలో, ఇష్టమైతే చదువుకొమ్మని తోసినారు. తెలుగు పిల్లలూ ఇతర అల్పసంఖ్యాక భాషల పిల్లలూ పదవ తరగతి పరీక్షలో తమిళం నుండి మినహాయింపుకోసం న్యాయస్థానాల మెట్లెక్కవలసి వచ్చినది. 2023లో సర్వోన్నత న్యాయస్థానం మినహాయింపును పొడిగించినది. ఎంతకాలానికి? ఒక్క ఏడాదికి. బ్యాటరీ దిగితే మళ్లీ మొదటికి పోయే గడియారంవంటిదే ఏడాదికి దొరికిన హక్కు.

2008లో తెలుగును ప్రాచీన భాషగా కేంద్రప్రభుత్వం గుర్తించినప్పుడు మనం సంబరపడినాము. ప్రాచీనత గొప్పదే. కాని ఒకటవ తరగతి పలకమీద లేని భాషకు ప్రాచీన హోదా ఇవ్వడం, నడవని గడియారానికి వెండి గొలుసు కట్టడంవంటిది.

మన తప్పు మనది

ప్రభుత్వాన్ని అన్నంత గట్టిగా మనల్నీ అనుకోవలెను. గడియారం తనంత తాను టవరునుండి వచ్చి సరిపడుతుందిగదా, మనమెందుకు నేర్చుకోవలెనని చాలామంది అంటారు. నిజమే, టవరు ఉన్నంతకాలం సరిపడుతుంది. మన భాష విషయంలోనూ అలాగే కూర్చున్నాము. ఆంధ్రనుండి ఎవరో వస్తారు, ఎవరో పుస్తకాలు పంపుతారు, ఎవరో కేసు వేస్తారు అని. టవరు అందనిచోట గడియారం ఏమైనదో పెద్దాయన ఫోటో చెప్పినది.

ఇంకొందరు, భాష అన్నం పెడుతుందా అంటారు. హోసూరువాళ్లు అడగవలసిన ప్రశ్న కాదిది. 1984లో టాటావారు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి స్థాపించిన టైటన్ కంపెనీ చేతిగడియారాలు మన ఊళ్లో తయారైనవి. ఇప్పుడు టాటా ఎలక్ట్రానిక్స్‌వారి కర్మాగారంలో ఐఫోను భాగాలు మన జిల్లాలో తయారవుతున్నవి. దేశపు మణికట్టుకు గడియారం, ప్రపంచపు జేబుకు ఫోను భాగం పంపే చోటు ఇది. ఈ చోటి పిల్లవాడికి గడియారం దిద్దే విధాన్ని అమ్మనుడిలో చెప్పే పుట ఒక్కటి చేతికందలేదు. అన్నం భాషనుండి రాలేదంటే, పనిని భాషలోనుండి వెళ్లగొట్టినది ఎవరు? పని పోయిన భాషకు మిగిలేది పాట. పాటతో మాత్రమే బ్రతికిన భాష రెండు తరాలకు ఆ పాట అర్థాన్ని కూడ మరిచిపోతుంది.

ఏం చేయవలెను?

నేను వకీలును. కోరిక చెప్పకుండా వాదన ముగించను. ప్రతి ఇంటినుండి నాలుగు పనులు కోరుతున్నాను.

ఒకటి. ఈ రాత్రి ఇంట్లోని ప్రతి ఫోనునూ తెరిచి గడియారం, తేదీ, కాలమండలం చూడండి. దిద్దవలసి ఉంటే దిద్దండి. అదే సెట్టింగ్స్‌లో భాషను తెలుగుకు మార్చండి. వారంరోజులు తడబడతారు, తరువాత చేతికి వస్తుంది.

రెండు. ఊళ్లో తెలుగు ఉన్న ప్రతి పలకను, బడి గోడను, గుడి శాసనాన్ని, రాతిని ఇప్పుడే ఫోటో తీయండి. చెరిపివేసేవరకు ఆగవద్దు. అసలు ఫైలును తీసిన ఫోనులోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపిన నకలు అసలుతో సమానం కాదు.

మూడు. మీ బడి తరగతిలో తెలుగు పిల్లలు పదిమంది ఉంటే, తల్లిదండ్రులందరూ సంతకం చేసి మాతృభాషా ఉపాధ్యాయునికోసం దరఖాస్తు పెట్టండి. తెలుగులోనే రాయండి. రాజ్యాంగం 350, 350ఏ అధికరణాలను పేర్కొనండి. అందిన తేదీతో ముద్ర వేయించుకోండి. నెల ముందు, రోజు తరువాత అన్నంత ఖచ్చితంగా వరుస తప్పకుండా పెట్టిన దరఖాస్తును త్రోసివేయడం కష్టం.

నాలుగు. మీకు తెలిసిన పనిని, అది టమాటా నాటడం గాని, మోటారు చుట్టడం గాని, ఫోను గడియారం దిద్దడం గాని, ఒక పుట తెలుగులో రాసి పిల్లలచేత చదివించండి. రాయడం రానివారు చెప్పండి, పిల్లలు రాసుకుంటారు. పదం దొరకనిచోట వాడుకలో ఉన్న మాటే వేయండి. వాక్యం మాత్రం మనదిగా ఉండనివ్వండి.

పై గడియారపు భాగాన్ని చేత్తో రాసి మా మేనల్లుడి దుకాణంలో ఇచ్చినాను. వాడికి తెలుగు చదవడం రాదు గనుక వాళ్లమ్మ చదివి వినిపించినది. విని, "ఇంతేనా మామా?" అన్నాడు. ఒకచోట ఆపి, గంట పన్నెండు లెక్కలో కాదు, ఇరవైనాలుగు లెక్కలో ఉండవలెనని నేను మరిచిన మాటను వాడే చేర్చినాడు. చేర్చినది తెలుగులో. ఇప్పుడు రోజుకు ఒక అక్షరం చొప్పున నేర్చుకుంటున్నాడు.

పెద్దాయన పలకమీద తెలుగు ఇంకా తిరిగి రాలేదు. దరఖాస్తు పెట్టినాము, పై తేదీ ముద్ర మాదగ్గర ఉన్నది. ఆ తేదీ సరైనది.